నారు బీరువా

"ఇంకా వస్తోంది," అంది భార్య, బీరువా తలుపు సందులో ముక్కు పెట్టి.

"వచ్చే దారే లేదు," అన్నాడు గాలి మాస్టారు. పల్చటి కాగితం ముక్కను ఆ సందు దగ్గర పట్టుకున్నాడు. కాగితం లోపలికి వంగింది. "చూశావా? బయటి గాలే లోపలికి పోతోంది. లోపలి గాలిని పైనున్న ఫ్యాను లాగి, బొగ్గులోంచి వడగట్టి వదులుతోంది. ఇంక కంపెక్కణ్ణించి వస్తుంది?"

"అదంతా నాకు తెలీదు. నాకు మాత్రం గుప్పున కొడుతోంది."

మాస్టారు బుర్ర గోక్కున్నాడు. సినిమా హాల్లో ఇరవై రెండేళ్ళు గాలి యంత్రాలు చూసుకున్న మనిషి. తెరమీద గుసగుసలు నడుస్తుంటే ఫ్యాను చప్పుడు వినబడకూడదు, మూడొందలమంది చెమట వాసన హాల్లో నిలవకూడదు. ఆ రెండూ ఆయన పూచీ. గాలి మాస్టారన్న పేరూ అక్కడ వచ్చిందే.

హాలు మూతపడి ఐదు నెలలైంది. మొదటి మూడు నెలలు ఆయన గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఆ రోజుల్లోనే భార్యకు పాడు జ్వరమొచ్చి పదిరోజులు పీడించింది. తగ్గాక ఆవిడ ఎలా ఉందో కూడా ఆయన సరిగా అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ తర్వాతే ఆవిడ పాత బీరువా ఒకటి పడగ్గదిలోకి తెప్పించింది. అందులో లైటు పెట్టి, టమాటా నారు, పుదీనా వేసింది. చేపల ఎరువు సీసా మూత తియ్యగానే పక్కింటి టైలరమ్మ ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. ఆవిడ మాత్రం తాపీగా మూతతో కొలిచి పోసింది.

"ఏమండీ, ఈ కంపు భరించలేం. మీరేమైనా చేస్తారా, తీసి పారెయ్యనా?"

ఆ రోజు నిజంగానే ఆయన గదిలో ఉండలేకపోయాడు. మూడు నెలలుగా ఎవరు చెప్పినా మంచం దిగని మనిషిని ఆ కంపు దింపింది.

మొదట చిన్న ఫ్యాను పెట్టాడు. "రొద. నిద్ర పట్టట్లేదు," అంది. పెద్ద ఫ్యాను తెచ్చి నెమ్మదిగా తిరిగేలా చేశాడు. సైకిల్ ట్యూబు కోసి, ఆ రబ్బరు పట్టీలతో దాన్ని వేలాడదీశాడు. చప్పుడు పోయింది. హమ్మయ్య అని నడుం వాల్చాడో లేదో, "ఇంకా వస్తోంది," అంది. రెండు జల్లెడల మధ్య బొగ్గు పలుకులు నింపాడు. రెండు రోజులాగి మళ్ళీ అదే మాట. బొగ్గు చెమ్మగిల్లిందేమోనని ఎండబెట్టాడు. మళ్ళీ అదే మాట. అలా రెండు నెలలు గడిచాయి.

చివరికి తీర్పు చెప్పమని టైలరమ్మను పిలిచాడు.

ఆవిడ బీరువా చుట్టూ తిరిగి వాసన చూసింది. "నాకేం రావట్లేదే..." అంటూ మాస్టారి భార్య ముఖంలోకి చూసింది. "ఆఁ... వస్తోంది, వస్తోంది అన్నయ్యా. కొంచెం నీచు."

మాస్టారు మళ్ళీ తలుపు సందులో ముక్కు పెట్టి చూశాడు. ఇద్దరికి వస్తున్నది తనకొక్కడికే రావడం లేదు!

"అసలు ఫ్యాను తిరుగుతోందా? చప్పుడే లేదు!" అంది టైలరమ్మ మాట మారుస్తూ. "మా తమ్ముడు పనిచేసే ఆసుపత్రిలో గాలి యంత్రాలు చూసే మనిషి కావాలట. నీ గురించి చెప్పనా?"

చెప్పింది కూడా. సోమవారం వచ్చి కలవమన్నారు.

శనివారం పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, "నేను వెళ్ళను," అన్నాడు మాస్టారు.

పొయ్యి దగ్గరున్న భార్య గిరుక్కున ఇటు తిరిగింది. "ఎందుకండీ?"

"యంత్రంలో బెల్టు మాడినా, వైరు కాలినా ముందు ముక్కుకే తెలియాలి. నా ముక్కు చచ్చింది. రోగుల ప్రాణాలతో చెలగాటమాడమంటావా?"

"మీ ముక్కుకేం? నిక్షేపంలా ఉంది!"

"మరి నీకొస్తున్న కంపు నాకెందుకు రాదు?"

అంతలో మాస్టారు గబగబా వెళ్ళి ఆవిడ వెనకున్న పొయ్యి ఆర్పాడు. గిన్నెలో పాలు ఇగిరి, అడుగు నల్లగా మాడింది.

"మాటల్లో పడి చూసుకోలేదు," అందావిడ గిన్నె దించుతూ.

ఆయనకు మరీ అయోమయంగా ఉంది. గుమ్మం దగ్గరికి మాడు వాసన తెలిసింది. ముక్కు కింద చేపల కంపు ఎందుకు తెలియదు? ముక్కు సగమే చస్తుందా?

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళండి," అంది భార్య, మాడిన గిన్నెలో నీళ్ళు పోస్తూ. "ఆవిడైతే ఉన్నదున్నట్టు చెబుతారు."

డాక్టరమ్మ ఆయన కళ్ళకు గుడ్డ కట్టింది. కాఫీ పొడి, లవంగం, సబ్బు, కిరసనాయిలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టింది. ఆయన ఒక్కటీ తప్పకుండా చెప్పాడు.

"ఇంత మంచి ముక్కు పెట్టుకుని ఎందుకండీ భయం? హాయిగా ఉద్యోగానికి వెళ్ళండి," అంది నవ్వుతూ.

"మరి బీరువాలో కంపు నాకెందుకు తెలియట్లేదు? రెండు నెలల్నుంచీ మా ఆవిడకు గుప్పుగుప్పున కొడుతోంది."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆయనవైపు వింతగా చూసింది. "ఎవరికి?"

"మా ఆవిడకండీ. నేను నడుం వాల్చడం ఆలస్యం, కంపంటుంది."

"ఆవిడ మొన్న మంగళవారం కూడా నాకు చూపించుకుని వెళ్ళారే. మీకు చెప్పలేదా?"

"ఏ సంగతి?"

"ఆ జ్వరం వచ్చినప్పట్నుంచీ ఆవిడకి ఏ వాసనా తెలీదండీ."