ఇద్దరికే తెలిసినవి

"ఆ కళ్ళజోడుగాడే! వాడు కాక ఇంకెవడు?" అన్నాడు కారు సీట్లు కుట్టే అన్న, ఫోను చెయ్యి చాపినంత దూరం పెట్టి చూస్తూ.

కళ్ళజోడంటే అతని చెల్లెలితో కలిసి పరిశోధన చేసేవాడు. ఒకసారి షాపుకొచ్చి, చెయ్యి కలపబోయి, అన్న వేళ్ళకున్న జిగురు చూసి నమస్కారంతో సరిపెట్టాడు. "ఎంతవరకు చదివారండీ?" అని అడిగి, ఏడో తరగతి అనగానే నవ్వు మింగాడు. అన్న ఆ నవ్వు ఈనాటికీ మరిచిపోలేదు.

అవతలున్నది అసలు మనిషో నకిలీయో కంప్యూటరు ఎలా పోల్చుకోవాలన్నది చెల్లెలి పరిశోధన. దాన్ని తన పేరున వేసుకోవాలని కళ్ళజోడుకి కన్నుందని ఆమే ఒకసారి నోరు జారింది. అందుకే ఆరేళ్ళ పనికీ కంప్యూటర్లోనే తాళం వేసి, ఆ తాళం తీసే పన్నెండు మాటలూ చీటీ మీద రాసి అన్న చేతిలో పెట్టింది. కాగితాన్నయితే ఏ దొంగా దూరం నుంచి లాగలేడట.

"నేనడిగినా ఊరికే ఇచ్చెయ్యకన్నయ్యా. మనిద్దరికే తెలిసింది అడుగు. చెబితేనే ఇవ్వు."

అన్న ఆ చీటీని తను కూర్చునే స్టూలు మెత్తలో పెట్టి కుట్టేశాడు.

ఇప్పుడేమో ముక్కూమొహం తెలియని నంబరు నుంచి మెసేజి. "అన్నయ్యా, మీటింగులో ఉన్నాను. నా ఫోను బయట పెట్టించారు. ఇది ఆఫీసుది. చీటీలో మాటలు వెంటనే పంపు. ఇవాళ పని అప్పగించకపోతే ఆరేళ్ళూ బూడిదపాలే."

చెల్లెలి నంబరుకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"బయట పెట్టిన ఫోను ఎవరెత్తుతారన్నా? పంపెయ్యరాదూ?" అన్నాడు సీటు కోసం కాచుకున్న టాక్సీ డ్రైవరు.

"నువ్వూరుకోవోయ్. వాడు నవ్వుతూనే గొంతు కోసే రకం."

ఒక్కో అక్షరం వెతికి నొక్కాడు. "నాన్న నిన్నేమని పిలిచేవాడు?"

నిమిషం గడిచింది. "పిడుగు."

"ఇది పక్కింటివాళ్ళకీ తెలుసు," అని గొణిగి, మళ్ళీ నొక్కాడు. "నేను బడి మానేసిన రోజు నీకేమిచ్చాను?"

మళ్ళీ నిమిషం. "నీ జామెట్రీ బాక్సు. మూత ఊడిపోయింది. ఇంకా దాచుకున్నాను."

అన్న ఆ మాటలు రెండుసార్లు చదువుకున్నాడు. అయినా అనుమానం చావలేదు.

"ప్రతిదానికీ ఇంతసేపెందుకు? వాడెవర్నో అడిగి చెబుతున్నాడు."

"మీ ఇద్దరికే తెలిసింది ఎవర్నడుగుతాడన్నా? పాపం, బల్లకింద పెట్టుకుని నొక్కుతోందేమో! పెళ్ళిచూపుల్లో కూడా ఇన్నడగరు."

ఇంక ఒక్కటే మిగిలింది. అమ్మానాన్నలకి కూడా తెలియనిది. అబద్ధం చెబితే అక్కడికక్కడే దొరికిపోయేది.

"నీ నుదుటి మీద మచ్చ ఎలా వచ్చింది?"

ఈసారి రెండు నిమిషాలు పట్టింది.

"మెట్ల మీంచి పడ్డానని చెప్పాను. అది నువ్వు విసిరిన కత్తెర. నాన్న నిన్ను చావబాదుతాడని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడవన్నీ ఎందుకన్నయ్యా?"

అన్న మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. స్టూలు తిరగేసి మెత్త కుట్లు విప్పాడు. పన్నెండు మాటలూ ఒకటికి రెండుసార్లు సరిచూసి పంపాడు. "అనుమానించాను, ఏమీ అనుకోకే పిడుగూ," అని కూడా చేర్చాడు. దానికి జవాబు రాలేదు.

మెత్త మళ్ళీ కుడుతుండగా ఫోను మోగింది. చెల్లెలి నంబరే.

"ఏమ్మా, మీటింగయిందా?"

"ఇప్పుడే బయటికొచ్చాను. నీ ఫోను ఎత్తడానికి కుదర్లేదు. అయినా ఎంత ముచ్చటేసిందో అన్నయ్యా! నేను చెప్పింది ఇంత బాగా గుర్తు పెట్టుకుంటావనుకోలేదు."

"మరి? ఏడో తరగతంటే ఏమనుకున్నావు!"

చెల్లెలు పకపకా నవ్వింది.

"ఇంతకీ నేను చీటీ అడగనే లేదు కదా, ఆ మూడు ప్రశ్నలూ కొత్త నంబరు నుంచి ఎందుకడిగావు?"