మోకాలెత్తు గోడ

"ఇవాళ తేల్చాలి భూపాల్. మంజుల బాగుపడిందంటే పనికి పంపుదాం. లేదంటే మనిషిని తోడిచ్చి వాళ్ల ఊరికి పంపుదాం" అంది డాక్టర్ సునంద.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనుక ఒక స్వచ్ఛంద సంస్థ గురువారాలు నడిపే మానసిక వైద్య శిబిరం అది. భూపాల్ మేస్త్రీ. బొంగులూరు వెంచర్‌లో ఒడిశా కూలీలతో ఇళ్లు కట్టిస్తాడు. మంజుల మూడు నెలల కిందట తిండి మానేసి ఇసుక కుప్ప పక్కన కూర్చుంది. ఆమెతో వచ్చిన గుంపు అప్పటికే వెళ్లిపోయింది. భూపాలే ఇక్కడికి తెచ్చాడు. ఆమెకు తెలుగు రాదు. డాక్టరు మాట ఆమెకు, ఆమె మాట డాక్టరుకు చెప్పేది అతడే.

"మస్తు మంచిగైంది మేడం. సోమవారం స్లాబ్ ఉంది, మనుషులు తక్కువున్నరు."

"నువ్వు కాదు, ఆమె చెప్పాలి. నిద్ర పడుతోందా? ఎవరైనా గుర్తొచ్చి భయం వేస్తోందా? అడుగు."

భూపాల్ ఒడియాలో మూడు మాటలు అడిగాడు.

మంజుల చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఆగి తలుపు వైపు చూసింది. మళ్లీ మాట్లాడింది.

"మంచిగ పండుకుంటుందట. భయమేం లేదట."

"అంతసేపు చెప్పింది ఇదేనా?"

"ఆడోళ్ల ముచ్చట గట్లనే ఉంటది మేడం. మా ఇంటామె కూరల ఉప్పెక్కువైందని చెప్పనీకి మా పెండ్లి కాడికెల్లి మొదలువెడ్తది."

సునంద నవ్వింది. మంజుల నవ్వలేదు. కుర్చీలోంచి వంగి, అరచేతిని నేలకు మోకాలెత్తున పట్టింది. గాలిలో ఆ చేతిని ముందుకూ వెనక్కూ కదిపింది. ఒకే మాట నాలుగుసార్లు అంది.

"ఇదేంటి? పోయినసారి కూడా ఇలాగే చూపించింది."

భూపాల్ ఆ చేతి వంక చూశాడు.

"గోడ మేడం. గింత ఎత్తు లేచిందట. మిగిలింది ఎప్పుడు కడదామని అడుగుతుంది."

పని మీద ఆసక్తి కలిగిందని సునంద రాసుకుంది. కాగితాలు వెనక్కి తిప్పింది. మొదటి వారం తానే రాసిన వాక్యం కనిపించింది: పేరు పిలిస్తే పలకడం లేదు.

"మంజులా" అని పిలిచింది.

మంజుల తలెత్తింది.

సునంద అదీ రాసుకుంది. మాత్రలు సగానికి తగ్గించి, పనికి పోవచ్చని సంతకం పెట్టింది.

"భూపాల్, మీ సైట్ల నుంచి ఇంకా వస్తున్నారు. మాట అర్థంచేసుకునేవాళ్లు లేక తిప్పలు పడుతున్నాం. ప్రతి గురువారం వస్తావా?"

"గదెంత పని మేడం. పదేండ్ల సంది ఒడిశోళ్లతోనే ఉన్న."

బయట ఆయా సుశీల మాత్రలు ఇచ్చింది. ఇందాక తలుపు దగ్గర నిలబడి అంతా చూసిందామె.

"జర ఆగు అన్నా. గోడ అన్నవ్ గదా?"

"అవ్ అక్కా."

"గోడను ఎవరన్న గట్ల నిమురుతరా? నేను నా మనుమని తల నిమిరినట్టే నిమిరింది గామె. పిల్లగాడు ఎవడన్న ఉన్నడా?"

భూపాల్ మోటార్‌సైకిల్ తాళం తీశాడు. మంజుల వెనక ఎక్కి కూర్చుంది. సంతకం పెట్టిన కాగితాన్ని అతడు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"నాకేం ఎరుకక్కా? నాకొచ్చిన ఒడియా గామెకు సమజ్ గాదు, గామె భాష నాకు రాదు. మంజుల అన్న పేరు గూడ దవాఖాన చీటీల నేను రాపిచ్చిందే."