మూల లేని రోడ్డు

లింబయ్య టీ గ్లాసు పెదవికి ఆనించాడో లేదో, రోడ్డు మీద ఢామ్మని చప్పుడైంది.

గ్లాసు అక్కడే వదిలేసి ఉరికాడు.

ఎడపల్లి దాటాక బోధన్ రోడ్డు మీద సగం మేర మక్కజొన్న గింజలు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి వచ్చాడతను. చెరుకు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇంటికి తిండి పెడుతున్నవి ఆ మక్కలే.

రోడ్డు పక్కన వేపచెట్టు కింద నిద్రపుచ్చిన మనవరాలు వర్ష, లేచి నిలబడి, పిడికిట్లో మక్కలతో గుక్కపెట్టి ఏడుస్తోంది. చప్పుడుకు జడుసుకుందనుకున్నాడు.

“ఏం గాలే బిడ్డా, ఆడ్నే ఉండు” అని మక్కల దిక్కు పరుగెత్తాడు.

తెల్లటి కారొకటి మక్కల్లోకి చొరబడి ఆగి ఉంది. దాని మూతికి అడ్డంగా ట్రాలీ ఆటో ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంది. ధర్మాబాద్ మిరపకాయల బస్తాలు పగిలి, వచ్చినవాళ్లంతా తుమ్ముతున్నారు. ఆటోలోంచి కారిన డీజిల్ మక్కల్లోకి ఇంకుతోంది.

కారులోంచి మధుకర్ దిగాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఉంటాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

“ఏం సారూ, మక్కల మీదికి తోలుతవా?” లింబయ్య గొంతు చించుకున్నాడు.

“నేను తోలలేదు పెద్దాయనా. బండే తోలింది. కొత్త మోడల్. స్టీరింగ్ ముట్టే పనే లేదు.”

కొట్టడానికి వచ్చినవాళ్లు కూడా నోళ్లు తెరిచారు.

“దానంతట అదే నడుస్తదా? అబ్బో!”

“మక్కల్ని రోడ్డే అనుకున్నట్టుంది. మెషిన్ కదా, ఒక్కోసారి అట్లయితది” అన్నాడు మధుకర్.

“అవు మరి. దానికేమెర్క మక్కలు? ఇంకా నేర్సుకుంటున్నది, పసిపిల్ల లెక్క!”

ఒకడు కారు పక్కన నిలబడి సెల్ఫీ దిగాడు. ఇంకొకడు బానెట్ నిమిరాడు. మనిషి తప్పు చేస్తే చెంప వాచేదాకా బుద్ధి చెప్పే ఊరు, మెషిన్ తప్పు చేస్తే ముద్దు చేసింది.

అప్పుడు ఆటో కిందినుంచి డ్రైవర్ పాక్కుంటూ బయటికొచ్చాడు. నుదురు పగిలి నెత్తురు కారుతోంది. చేత్తో మక్కల వైపు చూపించాడు.

“మూల్... తిథే మూల్...”

లింబయ్యకు మరాఠీ బజారులో బేరమాడేంతవరకే తెలుసు.

“మూలనా? రోడ్డు దారం గుంజినట్టున్నది. మూలేడున్నదిరా ఈడ?”

“తాగిండు” అన్నారెవరో.

అతను తల అడ్డంగా ఊపి, తనకు వచ్చిన తెలుగంతా కూడదీసుకున్నాడు.

“నేను... కావాలని... గుద్దిన.”

ఆ మాట పూర్తయిందో లేదో, లింబయ్య చెయ్యి అతని చెంప మీద పడింది.

“నా మక్కలు డీజిల్ పాలు జేసి, కావాలని గుద్దిన అంటవారా?”

మొదటి చెయ్యి లేచేదాకే ఆలస్యం. మిగతా చేతులు వాటంతటవే లేచాయి.

దెబ్బలు పడుతున్నా అతను మొహం కాచుకోలేదు. మెడ సాచి, మనుషుల కాళ్ల సందుల్లోంచి మక్కల వైపే చూస్తున్నాడు. ఎందుకు చూస్తున్నాడో ఎవరికీ పట్టలేదు.

పోలీసులు వచ్చి అడిగితే, లింబయ్యే ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాడు.

“కారు తప్పు ఏం లేదు సారూ. కావాలని గుద్దిన అని గా ఆటోవాడు నోటితోనే ఒప్పుకున్నడు.”

ఆ వారంలోనే అతను ఆసుపత్రిలో పోయాడని తెలిసింది. ఆటో పడ్డ దెబ్బకో, వీళ్లు కొట్టిన దెబ్బలకో ఎవరూ తేల్చలేదు. తేల్చాలని ఎవరికీ లేదు.

కారు మాత్రం బాగుపడి, మళ్లీ అదే దారిన వచ్చింది. మధుకర్ టీ కొట్టు దగ్గర ఆగి చెప్పాడు.

“కంపెనీవాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చిండ్రు. ఇప్పుడు మక్కల్ని గుర్తుపడ్తది.”

“సూసిండ్రా, తప్పు దిద్దుకున్నది!” అని అందరూ మురిసిపోయారు.

మర్నాడు బోధన్ బస్సులోంచి ఒకామె దిగింది. నుదుట బొట్టు లేదు. రోడ్డు మీద డీజిల్ మరక దగ్గర నిలబడి చుట్టూ చూసింది.

ఆటోవాడి భార్య అని లింబయ్య పోల్చుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

ఆమె తిట్టలేదు. లింబయ్య భార్య దేవవ్వ కొంగు పట్టుకుని నిలబడ్డ వర్షను చూసి, గబగబా వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“హేచ్ కా తే మూల్?”

దేవవ్వ పుట్టిల్లు కందకుర్తి. ఏరు దాటితే మహారాష్ట్రే. మరాఠీ ఆమెకు పాలతో వచ్చింది. గుద్దుకున్న రోజు ఆమె పుట్టింట్లోనే ఉంది.

“ఇదేనా ఆ పిల్ల అని అడుగుతున్నది” అంది దేవవ్వ.

“పిల్లనా? మూల అన్నది గదనే?”

“మూల గాదు. వాళ్ల మాటల మూల్ అంటే పిల్ల.”

లింబయ్య మక్కలు ఆరబోసిన చోటు వైపు తిరిగాడు.

వచ్చినామె ఏడుస్తూ ఇంకా ఏదో చెప్పింది. వింటూ వింటూ దేవవ్వ అక్కడే కూలబడింది.

“ఏమంటున్నదే? చెప్పు!”

దేవవ్వ వర్షను ఒళ్లోకి లాక్కుంది. మొగుడి మొహం చూడకుండా చెప్పింది.

“మక్కల్ల ఆడుకుంటున్న మన పోరి మీదికి కారొస్తుంటే ఆటో అడ్డం పెట్టిండట... పిల్ల బతికిందా అని పానం పోయేదాక అందర్ని అడిగిండట, ఒక్కలు గూడ చెప్పలేదట.”