ముందు వరుస

సభ మొదలవడానికి గంట ముందే రాజ్యలక్ష్మి చిక్కడపల్లి హాల్లో చివరి వరుసలో కూర్చుంది. హిందీ టీచరుగా రిటైరై చాలా ఏళ్లయింది. పక్కన తన్మయి. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకుంటూ, నారాయణగూడలో ఆమె ఇంటి పైగదిలో కిరాయికి ఉంటున్న అమ్మాయి.

నిర్వాహకుడు అటుగా వస్తే తన్మయి ఊరుకోలేకపోయింది.

"సార్, మేడం వాళ్ల కొడుకు మిలిటరీల ఉండె. పాతికేళ్ల కిందటి యుద్ధమప్పుడే పోయిండు."

ఆయన చేతులు జోడించాడు. వద్దు వద్దంటున్నా రాజ్యలక్ష్మిని తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాడు.

రమాకాంత్ ఒకప్పుడు కేంద్రంలో మంత్రి. ఎనభై దాటాక ఆత్మకథ రాశాడు. దాని ఆవిష్కరణే ఇది. మైకు ముందు నిలబడి, కాగితం చూడకుండా మాట్లాడాడు.

"పాతికేళ్ల క్రితం సరిహద్దు దాటించి సైన్యాన్ని పంపాం. దేశ రక్షణ కోసమన్నాం. అబద్ధం. మనకు ఏ ముప్పూ లేదు. ఆరు నెలల్లో ఎన్నికలున్నాయి. గెలవడానికి యుద్ధం కావాల్సి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను."

 హాలంతా చప్పట్లు. ఈ వయసులో ఎంత ధైర్యం అంటూ వెనకాల ఎవరో ముక్కు చీదుకున్నారు. రాజ్యలక్ష్మి చేతులు ఒళ్లోంచి కదల్లేదు.

జనం పలచబడ్డాక, తన్మయి చెయ్యి పట్టుకుని ఆమె వేదిక దగ్గరికి వెళ్లింది. కొడుకు సంగతి నిర్వాహకుడు రమాకాంత్ చెవిలో చెప్పాడు.

"ఒక్క మాట సార్. పంపేటప్పుడే మీకు తెల్సా?"

"తెలుసమ్మా."

"మాలాంటోళ్లకు తెల్సే దారి ఏమన్న ఉండెనా?"

"లేదు. తెలియకుండా జాగ్రత్తపడ్డాం. మీరు నమ్మడంలో తప్పేం లేదు."

"మరి ఆడ ఉన్న సిపాయిలకు?"

రమాకాంత్ కళ్లజోడు తీశాడు.

"కొందరికి అర్థమయ్యే ఉంటుంది. కళ్లతో చూశారు కదా."

ఆమె తల ఊపింది.  తన్మయి ఆ చెయ్యిని గట్టిగా పట్టుకుంది. ఇంట్లో యూనిఫాంలో ఉన్న ఆమె కొడుకు ఫొటోను, దాని కింద రాసిన తేదీని రెండేళ్లుగా రోజూ చూస్తోంది గానీ, ఏమైందని ఎన్నడూ అడగలేకపోయింది.

రమాకాంత్ వంగి రాజ్యలక్ష్మి పాదాల వైపు చేయి చాచాడు. ఆమె వెనక్కి జరిగింది.

"క్షమించమని అడిగే అర్హత కూడా నాకు లేదు," అన్నాడాయన. "మీ అబ్బాయి ఏ సెక్టార్‌లో చనిపోయాడమ్మా?"

"మీరు ఇయ్యాల చెప్పిన మాటే ఆనాడు సెలవు మీదొచ్చి చెప్పి, ఇగ పోనన్నడు సార్, పిరికోడివని నేనే తలుపేసుకున్న, తెల్లారి కాచిగూడ పట్టాల మీద దొరికిండు."