దిక్కులు చూసే పిల్ల

"బంతిని చూడే! దిక్కులేం చూస్తున్నవ్?" ఇబ్రహీంపట్నం ఫుట్‌బాల్ గ్రౌండ్ గట్టు మీంచి సిద్దమ్మ కేకేసింది. ఆడుతున్న కూతురు రవళి మెడ మాత్రం వెనక్కోసారి, పక్కకోసారి తిరుగుతూనే ఉంది.

ఆటగాళ్లను ఏరుకోవడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన కోచ్ పక్కనే నిలబడి అడిగాడు. "ఆ పిల్ల ఎవరమ్మా?"

సిద్దమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఏమో సారూ, ఎవరి పిల్లనో."

"గోల్ కొట్టేవాళ్లు మస్తుమంది. బంతి రాకముందే నలుదిక్కులూ చూసే పిల్ల దొరకదు. ఎవరు నేర్పారో!"

"నేనే సారూ, నా బిడ్డనే!" సిద్దమ్మ గంతేసింది. "నేను అమ్మే చేపల గంప కాడ కూసుంటే కుక్క ఎటొస్తదో, గద్ద ఎటొస్తదో చూడాలె గద!"

గట్టు దిగి ఉరికింది. "రవళీ! బంతి గింతి పక్కన వెట్టు. దిక్కులు చూడు బిడ్డా!"

ఆ మాటకు రవళి మెడ టక్కున ఆగిపోయింది, అమ్మ వైపు.