కిర్రుమనే అలమర

"ఇది పనికిరాదు," అంది ఆవిడ, అలమర వెనక్కి వెళ్ళి చెక్క మీద వేళ్ళతో టకటకా కొట్టి చూసి. "లోపలంతా పొట్టు. కాస్త తడి తగిలితే పూరీలా ఉబ్బుతుంది."

సేల్స్‌మన్ నోరెళ్ళబెట్టాడు. వచ్చినప్పటి నుంచి ఆవిడ తోసిపారేసిన వాటిల్లో ఇది ఎన్నోదో అతనికే గుర్తులేదు.

వాళ్ళ వీధిలో ఎవరు మంచం కొన్నా, బల్ల కొన్నా ఆవిడని వెంటబెట్టుకుని వెళ్ళాల్సిందే. సొరుగుని పూర్తిగా బయటికి లాగి బోర్లించి చూస్తుంది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి ఊపుతుంది. తలుపు పట్టుకుని వేలాడినంత పని చేస్తుంది. సంసారంలోకి వచ్చే సామాను ఇవన్నీ ఓర్చుకోవాలంటుంది. ఇప్పుడు వాళ్ళ వంటింటి అలమర కాలే విరిగింది కాబట్టి సొంత బేరానికి వచ్చింది.

వెనకాల భర్తా, కూతురూ నిలబడి ఉన్నారు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే షాపు, వెనక వంటిల్లు. పొద్దస్తమానం కంటికి లెన్సు పెట్టుకుని కూర్చుంటాడు గానీ పనిచేసేది ఎక్కువగా చెవులే. ఏ గడియారం కుంటుతోందో గోడకి ఇవతల నుంచే చెప్పగలడు.

అంతటి మనిషి మాట ఇంట్లో మాత్రం ఒక్కనాడూ చెల్లలేదు. ఆయన నీలం కర్టెన్లంటే ఆకుపచ్చవి వచ్చాయి. గుండ్రటి బల్ల అంటే పలకల బల్ల వచ్చింది. ఆయన బాగుందన్నాక ఆ వస్తువులో ఏదో లోపం ఉండే ఉంటుందని ఆవిడ గట్టి నమ్మకం.

సేల్స్‌మన్ ఇంకో అలమర చూపించాడు. ఆవిడ తలుపు లాగింది. చడీచప్పుడూ లేకుండా తెరుచుకుంది. మూసింది. మళ్ళీ తెరిచింది. పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది.

అది చూసి ఆయన గబగబా ముందుకొచ్చాడు. "ఇదే తీసుకుందాం. తలుపు తీసినట్టు పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదు. భలే ఉంది."

ఆవిడ నవ్వు మాయమైంది. "ఇంత వదులుగా కదులుతోందంటే బందుల్లో పట్టు లేదని అర్థం. నాలుగు రోజుల్లో తలుపు చేతికొస్తుంది."

"నాకు నచ్చింది."

"అందుకే అంటున్నా."

సేల్స్‌మన్ వాళ్ళని చల్లబరుద్దామని కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఆయన ఒకటి కూతురికిచ్చి, ఒకటి తను తీసుకుని, "ఆవిడకి వద్దు," అన్నాడు.

"నాకు వద్దని మీరెలా చెప్తారు?" అని ఆవిడ చెయ్యి చాచేలోగా ఆ మూడోది కూడా ఆయనే గటగటా తాగేశాడు. కూతురు తల పట్టుకుంది.

చివరికి సేల్స్‌మన్ మొహమాటపడుతూ ఓ మూలకి తీసుకెళ్ళాడు. "ఇది అచ్చమైన టేకు మేడమ్. కాకపోతే తలుపు కాస్త..."

ఆవిడ తలుపు లాగింది. కిర్ర్ర్‌మంది. షాపులో వాళ్ళంతా ఇటు తిరిగారు.

ఆయన చెవులు మూసుకున్నాడు. "అమ్మో, ఇది మాత్రం వద్దు. ముందుగదిలో కూర్చున్నా వినిపిస్తుంది. నేను పని చేసుకోవాలా వద్దా?"

ఆవిడకి ఎక్కడలేని హుషారూ వచ్చింది. అలమరని ఊపింది, కదల్లేదు. సొరుగు బోర్లించింది, వంక దొరకలేదు. "గట్టి చెక్క ఆమాత్రం చప్పుడు చేస్తుంది. ఇదే కావాలి."

కూతురు తల్లిని పక్కకి లాగింది. "ఈ ఒక్కసారికి నాన్న మాట వినమ్మా. మీరిద్దరూ ఆ డాక్టరు దగ్గరికెళ్ళి వచ్చినప్పటి నుంచి నాన్న ముఖంలో కళ లేదు. అడిగితే ఏం లేదంటారు. నాకు భయంగా ఉంది."

ఆవిడ ఒక్క క్షణం తడబడి చూపు తిప్పుకుంది. "దానికీ దీనికీ సంబంధం ఏమిటే? సామాను సంగతి నాకు తెలుసు."

ఆయన దిగాలుగా సేల్స్‌మన్ని అడిగాడు. "నూనె వేస్తే ఈ చప్పుడు పోతుందా?"

"అబద్ధం చెప్పను సార్. తలుపు చెక్క ఫ్రేముకి రాసుకుంటోంది, నూనెకి పోదు. అలమర ఉన్నన్నాళ్ళూ ఉంటుంది."

"అలమర ఎన్నాళ్ళుంటుంది?"

"మీ మనవలు కూడా వాడుకుంటారు సార్."

ఆయన నిట్టూర్చాడు. "పోనీ, వడ్రంగిని పిలిచి కాస్త చిత్రిక పట్టిస్తే..."

"చిత్రికా?" ఆవిడ అడ్డుపడింది. "బంగారంలాంటి చెక్కని గీకించేస్తారా? నా అలమర మీద ఎవరైనా చెయ్యి వేశారో, ఊరుకోను."

"నీ ఇష్టం," అన్నాడాయన తల వంచుకుని.

మర్నాటికల్లా అలమర వంటింట్లోకి చేరింది. వీధిలో వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళారు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, ఆయన ముందుగదిలో ఓ పాత గడియారం విప్పుకుని కూనిరాగం తీస్తున్నాడు. పక్కనే కూర్చున్న కూతురికి ఆ హుషారు అంతుపట్టలేదు.

"అమ్మ చేతిలో మళ్ళీ ఓడిపోయావు. పైగా పాటలొకటా నాన్నా?"

"నాకు కొత్తా ఏమిటమ్మా?"

వంటింట్లోంచి కిర్ర్ర్‌మని వినిపించింది.

ఆయన పాట ఆపాడు. కంటికున్న లెన్సు తియ్యకుండానే, వెనక్కి తిరక్కుండానే, తాపీగా కేకేశాడు.

"ఆ మిఠాయి డబ్బా మూసెయ్, షుగరొచ్చింది నీకు."