చావు లేని పుస్తకం

"గీ నవల ఇయ్యి బిడ్డా మీ బాపుకు. ఏ దుకాణంల దొరకది." దివాకర్ అలమారలోంచి పుస్తకం తీశాడు.

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయినప్పటి నుంచి అంబదాస్ ఇంట్లో మూలకు కూర్చున్నాడు. ఆయన చదవడానికి ఏదైనా అడుగుదామని కూతురు మనీషా దివాకర్ ఇంటికి వచ్చింది.

"గిండ్ల ఎవలన్న సస్తరా, కాకా?"

"సమ్మెల నాయకుడు సస్తడు. గదే గదా దీని బలం!"

"ఇంకోటియ్యి."

నాటకం తీశాడు. అందులో నేతగాడు చస్తాడు. యాత్రా పుస్తకంలో తోడు నడిచినవాడు చస్తాడు. పాటల పుస్తకం నిండా అమరులే. ఊరూరా తిరిగి ఏరుకొచ్చిన పుస్తకాలన్నీ ఈ పిల్ల కాదంటుంటే దివాకర్‌కు ఒళ్లు మండింది.

"మీ బాపేమన్న చిన్న పోరడా? మనసొంటోళ్ల బతుకు సావుతోనే ఒడుస్తది. ఇంకో తీరుగ రాస్తే అబద్ధం!"

"బాపు ఇప్పుడు మాట్లాడేది గా సావు మాటొక్కటే, కాకా."

దివాకర్ చెయ్యి అలమారలోనే ఆగిపోయింది.

"ఇంట్ల ఎవలున్నరు?"

"ఎవ్వలు లేరు. అమ్మ కార్ఖానకు బీడీలు ఇయ్యవోయింది. చేతుల పుస్తకం వెడ్తె నేనచ్చేదాంక కూసుంటడని ఉరికచ్చిన. ఒక్కటన్న ఇయ్యి."

"నా తాన లేదు బిడ్డా" అన్నాడు దివాకర్, బండి తాళం వెతుక్కుంటూ. "నడువు, నేనే అస్త."